హెచ్‌ఆర్ సర్టిఫికెట్ ఉంటే జీతం పెంచుతారా? వైజాగ్ వాళ్ళు చెప్పండి

గాజువాక_హెచ్‌ఆర్:
ఎంబీఏ, జనరలిస్ట్ పోస్టు (హెచ్‌ఆర్ పనులన్నీ చూసేది), ఆఫర్ ఏడాదికి 4,80,000 సీటీసీ (కంపెనీకి నా మీద అయ్యే మొత్తం ఖర్చు). ఎస్‌హెచ్‌ఆర్‌ఎం-సీపీ (అమెరికా హెచ్‌ఆర్ సంఘం ఎస్‌హెచ్‌ఆర్‌ఎం ఇచ్చే సర్టిఫికెట్) చేసి అడిగితే పెంచుతారా? చేతికెంతొస్తుంది?

పరవాడ_ఐఆర్:
ఫార్మాసిటీ, అచ్యుతాపురం ఫ్యాక్టరీల వైపైతే ఆ పరీక్ష కన్నా ముందు వెల్ఫేర్ ఆఫీసర్ (కార్మికుల సంక్షేమం చూసే అధికారి) అర్హత చూసుకోండి. 500 మంది కార్మికులుంటే ఆ పోస్టు పెట్టి తీరాలి. అర్హత రాష్ట్ర నిబంధనల్లో ఉంటుంది. మీ డిగ్రీ దానికి సరిపోతుందో లేదో చేరకముందే తేల్చుకోండి.

లేబర్_కోడ్:
500 పాత ఫ్యాక్టరీల చట్టం లెక్క. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) వచ్చాయి, ఇప్పుడు 250కే. పాత నోట్సు చూసి సలహాలివ్వకండి.

మధురవాడ_పేరోల్:
వందల మంది జీతాలు నెలనెలా నా చేతిమీదుగానే వెళ్తాయి, లెక్క రాసుకోండి. నెలకి 40,000. బేసిక్ సగం, 20,000. కంపెనీ పీఎఫ్ 15,000 సీలింగ్ (పీఎఫ్ లెక్కకి గరిష్ఠ జీతం) మీద 1,800. గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) బేసిక్‌లో 4.81 శాతం, 962. ఇవి పోతే గ్రాస్ (మీ కోతలకు ముందు జీతం) 37,238. అందులో మీ పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోగా చేతికి 35,238. పీఎఫ్ పూర్తి బేసిక్ మీద కడితే 34,038. ఆఫర్ లెటర్లో ఏది రాశారో చూడకుండా సంతకం పెట్టొద్దు.

రుషికొండ_ఐటీ:
ఐదేళ్ళు నిండకుండా మానేస్తే గ్రాట్యుటీ రాదుగా, ఆ 962 ఎవరికండీ? ఎప్పుడొస్తుందో తెలియని డబ్బుని జీతమని చూపించడం అన్యాయం.

మధురవాడ_పేరోల్:
సీటీసీ అంటే కంపెనీకయ్యే ఖర్చు. చూపించకూడదని చట్టంలో ఎక్కడుంది?

రుషికొండ_ఐటీ:
చట్టం ఆపలేదు కాబట్టి న్యాయమైపోతుందా? హెచ్‌ఆర్ వాళ్ళే ఇలా మాట్లాడితే కొత్త పిల్లలు ఎవరి దగ్గరకెళ్ళాలి?

లేబర్_కోడ్:
ఇద్దరూ ఆగండి. ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలం ఒప్పందం మీద చేరిన) ఉద్యోగికి ఇప్పుడు ఏడాదికే గ్రాట్యుటీ వస్తుంది. అసలు పట్టుకోవాల్సింది వేరే ఉంది. బేసిక్ 35 శాతం పెట్టి మిగతాది అలవెన్సుల్లో దాచేస్తారు. వేతనం లెక్కలోకి రాని మినహాయింపు అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంతా వేతనంలో కలపాలి. గ్రాట్యుటీ దాని మీదే లెక్కకట్టాలి.

పరవాడ_ఐఆర్:
250 మాట ఒప్పుకుంటాను. కానీ గొంతు తగ్గించి చెప్పినా అర్థమవుతుంది.

ఎంవీపీ_రిక్రూటర్:
సర్టిఫికెట్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎస్‌హెచ్‌ఆర్‌ఎం మూడేళ్ళకోసారి 60 క్రెడిట్లు (శిక్షణ లాంటివాటికిచ్చే పాయింట్లు) అడుగుతుంది, లేదంటే పరీక్ష మళ్ళీ రాయాలి. విదేశీ క్లయింట్లున్న ఐటీ కంపెనీ అయితే పనికొస్తుంది. ప్లాంటులో ఈఎస్‌ఐ, పీఎఫ్, స్టాండింగ్ ఆర్డర్లు (కార్మికుల ఉద్యోగ నిబంధనలు) తెలిసినవాళ్ళకే విలువ. అడిగేటప్పుడు పాత జీతం మీద శాతం చెప్పకండి, ఆ గ్రేడ్ బ్యాండ్ (ఆ స్థాయికి జీతం ఎంత నుంచి ఎంత వరకు) ఎంతో అడగండి. ఒకే పనికి ఆడ, మగ తేడా చూపడం వేతన కోడ్ ప్రకారం నేరం, అమ్మాయిలు ఇది గట్టిగా పట్టుకోవాలి.

గాజువాక_హెచ్‌ఆర్:
మా లెటర్లో పీఎఫ్ "వర్తించే మేరకు" అని మాత్రమే ఉంది.

మధురవాడ_పేరోల్:
అయితే సీలింగ్ మీదా, పూర్తి బేసిక్ మీదా అని మెయిల్ పెట్టండి. జవాబు రాతలో రావాలి, ఫోన్‌లో చెప్తే ఒప్పుకోకండి.