రెండు ఫైనళ్ళూ డ్రానే, ఒకసారి పైకి, ఒకసారి అక్కడే: మసామి ఇహారా గురించి సందేహం

ప్రశ్న | కాలేజీ పత్రిక
అందరికీ నమస్కారం. మా కాలేజీ క్రీడా పత్రికకు జపాన్ ఫుట్‌బాల్ డిఫెండర్ మసామి ఇహారా మీద వ్యాసం రాస్తున్నాను. ఆటగాడిగా ఆయన వివరాలు సులువుగానే దొరికాయి. మేనేజర్ అయ్యాకే చిక్కు మొదలైంది. 2015లో ఆయన మేనేజర్‌గా ఉన్న అవిస్పా ఫుకుఒకా క్లబ్ ప్లేఆఫ్ (పై లీగ్‌కు వెళ్ళే జట్టును తేల్చే పోటీ) ఫైనల్‌ను 1-1తో డ్రా చేసుకుని, జపాన్ రెండో స్థాయి లీగ్ జె2 నుంచి అగ్ర లీగ్ జె1కు వెళ్ళింది. 2017లో అదే జట్టు, అదే మేనేజర్, మళ్ళీ ఫైనల్, 0-0 డ్రా. ఈసారి జె2లోనే ఉండిపోయింది! పెనాల్టీల ప్రస్తావన ఎక్కడా లేదు. ఇది ఎలా సాధ్యం? ఇంకో సందేహం: 1993లో దోహాలో ఇరాక్‌తో జరిగిన ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌కు కెప్టెన్ ఆయనేనని ఒకచోట, కాదని మరోచోట ఉంది. ఏది రాయాలి?

జవాబు | పాత స్టాపర్
తమ్ముడూ, ఆ రెండు ఫలితాలూ నిజమే. అప్పటి జె2 ప్లేఆఫ్‌లో అదనపు సమయం లేదు, పెనాల్టీలు లేవు. 90 నిమిషాలు ముగిసేసరికి స్కోరు సమంగా ఉంటే, లీగ్ పట్టికలో పైన ఉన్న జట్టు గెలిచినట్టే. 2015లో ఫుకుఒకా మూడో స్థానం, ప్రత్యర్థి సెరెజో ఒసాకా నాలుగో స్థానం. 2017లో నగోయా గ్రాంపస్ మూడు, ఫుకుఒకా నాలుగు. మొదటిసారి అండగా నిలిచిన నిబంధనే రెండోసారి అడ్డుపడింది.

పాయింట్లు కూడా వేసుకో, వ్యాసానికి పనికొస్తాయి. 2015లో ఫుకుఒకాకు 82 పాయింట్లు. రెండో స్థానంలో నిలిచి నేరుగా జె1కు వెళ్ళిన జుబిలో ఇవాటాకూ 82 పాయింట్లే. గోల్ తేడాలో వెనకబడినందుకు ఇహారా జట్టు ప్లేఆఫ్ ఆడవలసి వచ్చింది. ఫైనల్‌కు తటస్థ వేదికగా ముందే ఖాయం చేసిన మైదానం ఒసాకాలోని నగాయ్. చివరికి ఫైనల్‌కు వచ్చిన సెరెజోకు అదే సొంత మైదానం! 67 పాయింట్ల జట్టుతో దాని ఇంట్లోనే ఆడాలి. 60వ నిమిషంలో సెరెజో ఆటగాడు తమాదా గోల్ కొట్టాడు. ఫుకుఒకా కథ అయిపోయిందనుకుంటుండగా 87వ నిమిషంలో హొకుతో నకమురా స్కోరు సమం చేశాడు. అది చాలు.

2017లో నగోయాకు 75, ఫుకుఒకాకు 74. ఆ ఒక్క పాయింటు తేడా వల్ల తొయోతా స్టేడియంలో గోల్ తప్పనిసరి అయింది ఇహారాకు, నగోయాకు కాదు. జీవితమంతా గోల్ పడకుండా ఆపిన మనిషి ఆ రోజూ పడనివ్వలేదు. కావలసినది మాత్రం వేరే. నా మటుకు ఆయన మేనేజర్ జీవితమంతా ఆ ఒక్క మ్యాచ్‌లో కనిపిస్తుంది.

దోహాలో కెప్టెన్ తెత్సుజి హషిరతాని. ఇహారా ఆయనతో కలిసి రక్షణలో ఆడాడు. 1998 ఫ్రాన్స్ ప్రపంచకప్‌కు మాత్రం ఇహారాయే కెప్టెన్. ఇద్దరూ డిఫెండర్లే, ఇద్దరూ తరువాత మేనేజర్లయ్యారు కాబట్టి ఈ తికమక తరచూ వస్తుంది.

జవాబు | లెక్కల మాస్టారు
పై వివరణతో పేచీ లేదు. అయితే వ్యాసాన్ని భజనగా మార్చకండి. ఆటగాడిగా ఆయనకు వంక పెట్టలేం: జపాన్ తరఫున 122 మ్యాచ్‌లు, 1992 ఆసియా కప్, 1995లో ఆసియా ఉత్తమ ఆటగాడి పురస్కారం. ఆ 122 రికార్డును మిడ్‌ఫీల్డర్ యసుహితో ఎండో 2012లో గాని దాటలేదు. మేనేజర్‌గానో? జె1కు తీసుకెళ్ళిన మరుసటి ఏడాదే, 2016లో, ఫుకుఒకా అట్టడుగున 18వ స్థానంలో నిలిచి తిరిగి జె2కు పడిపోయింది. తరువాత మరో జె1 క్లబ్ కషివా రేసోల్‌తో 2023లో 17వ స్థానం, 2024లో మళ్ళీ 17. పాత కీర్తిని చూసి ఈ అంకెలను చిన్న అక్షరాల్లోకి నెట్టడం న్యాయం కాదు.

ప్రశ్న | కాలేజీ పత్రిక
మాస్టారూ, 18 జట్లలో 17వ స్థానం వస్తే 2023లో కషివా ఎందుకు పడిపోలేదు? పైగా 2011లో కషివా జె1 టైటిల్ గెలిచినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు కదా, దాన్ని ఆయన విజయాల్లో వేయవచ్చా?

జవాబు | లెక్కల మాస్టారు
2024 నుంచి జె1ను 20 జట్లకు పెంచారు. అందుకోసం 2023లో ఒక్క చివరి జట్టునే కిందికి పంపారు. ఆ ఒక్కటి యొకొహామా ఎఫ్‌సి. 2024లో చివరి మూడు జట్లు పడిపోయాయి, 17వ స్థానం వాటికి సరిగ్గా పైమెట్టు. రెండుసార్లూ అంచు మీద నిలబడ్డాడు.

2011 టైటిల్ ఆయనది కాదు. అప్పటి మేనేజర్ బ్రెజిల్‌కు చెందిన నెల్సిన్యో, ఇహారా ఆయన సహాయకుడు. 2019లో కషివాకు తిరిగి వచ్చినప్పుడు ఆయన పదవి హెడ్ కోచ్ అని కనిపిస్తుంది, అక్కడ అది మేనేజర్ తరువాతి స్థానం. నెల్సిన్యో వెళ్ళిపోయాక, 2023 మేలో జట్టు పగ్గాలు చేతికొచ్చాయి.

జవాబు | పాత స్టాపర్
మాస్టారు ఒకటి వదిలేశారు. అదే 2023 డిసెంబరులో కషివా చక్రవర్తి కప్ (లీగ్ కాకుండా జపాన్ క్లబ్బుల నాకౌట్ పోటీ) ఫైనల్‌కు చేరింది. కవసాకి ఫ్రోంటాలేతో 120 నిమిషాలు 0-0. ఈసారి పెనాల్టీలు ఉన్నాయి! వరస గోల్‌కీపర్ల దాకా వచ్చింది. కవసాకి కీపర్ జంగ్ సుంగ్-ర్యోంగ్ తాను గోల్ కొట్టి, కషివా కీపర్ కొట్టినదాన్ని ఆపేశాడు. 8-7. లీగ్‌లో చివరి నుంచి రెండో జట్టును అంత దూరం తెచ్చినవాడికి ఆ మార్కులు వేయాలి కదా, మాస్టారూ.

జవాబు | లెక్కల మాస్టారు
వేస్తాను. 2024 చివర్లో అదే కషివా ఇంజురీ టైమ్‌లో గోల్స్ ఇచ్చి గెలవాల్సిన మ్యాచ్‌లను వరసగా చేజార్చుకున్నందుకు కోస్తాను. దోహాలో చివరి క్షణపు గోల్‌తో ప్రపంచకప్ చేజారడం చూసిన డిఫెండర్ జట్టుకు అది మరీ బాధాకరం.

ప్రశ్న | కాలేజీ పత్రిక
చాలా కృతజ్ఞతలు. ప్లేఆఫ్ నిబంధనను ముందు పెట్టి, ఆ రెండు ఫైనళ్ళను పక్కపక్కనే రాస్తాను. చివరగా ఒకటి: డిఫెండర్ కదా, జపాన్‌కు ఆయన కొట్టిన గోల్స్‌లో చెప్పుకోదగ్గది ఉందా? ఫొటో కింద రెండు వాక్యాలు కావాలి.

జవాబు | పాత స్టాపర్
ఉన్నవే ఐదు. వాటిలో 1995 జూన్ 3న వెంబ్లీలో ఇంగ్లండ్ మీద కొట్టింది తీసుకో. కార్నర్ కిక్‌ను తలతో గోల్‌లోకి పంపి 1-1 చేశాడు. చివర్లో ప్లాట్ పెనాల్టీతో ఇంగ్లండ్ 2-1తో గెలిచింది, అది కూడా రాయి, లేకపోతే జపాన్ గెలిచిందనుకుంటారు.