సిరొంచ నుంచి 108కి చేస్తే కాల్ తెలంగాణకు పోతోంది, ఏం చేయాలి?

నమస్కారం. మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ దగ్గర పల్లె. గోదావరి దాటితే కాళేశ్వరం. మొన్న రాత్రి మా మామయ్యకు గుండెల్లో నొప్పి వస్తే 108కి చేశాను. అవతలి ఒడ్డు టవర్ అందిందేమో, కాల్ తెలంగాణకు పోయింది. వాళ్లు "ఏ మండలం?" అంటారు, మాకేమో తాలూకా. చివరికి ఆటోలో తీసుకెళ్లాం. ఇప్పుడు బాగానే ఉన్నారు, కానీ ఆ అరగంట టెన్షన్ తలుచుకుంటే ఇంకా చేతులు వణుకుతున్నాయి.

ఫైర్‌కు కూడా రెండువైపులా అదే 101. ఎండల్లో మిర్చి కల్లాలు, గడ్డివాములు అంటుకుంటే? జిల్లా కేంద్రమేమో దాదాపు 200 కిలోమీటర్లు.

అన్ని ఎమర్జెన్సీలకూ ఒకటే నంబరైన 112కి చేస్తే ఇటువైపు కలుపుతారా? సిరొంచ ఆసుపత్రి, తహసీల్ ఆఫీసు నంబర్లు నేరుగా పెట్టుకోవడమే మంచిదా? సరిహద్దు ఊళ్లవాళ్లు మీరేం చేస్తున్నారో దయచేసి చెప్పండి.