సైజు ముందే తెలియని అర్రేను సీ ప్లస్ ప్లస్ క్లాసులో ఎలా ఉంచాలి?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి, నల్లగొండ)

మా ఊరి ఐకేపీ కొనుగోలు సెంటర్‌లో వడ్లు కాంటా వేసేటప్పుడు ఒక్కో బస్తా తూకాన్ని కాగితం మీద రాస్తున్నారు. ఆ లెక్కను రైతువారీగా చూపే ప్రోగ్రామును సీ ప్లస్ ప్లస్‌లో రాస్తున్నాను. ఒకరు 40 బస్తాలు తెస్తే మరొకరు 300 తెస్తారు కనుక, రైతు క్లాసులో పాయింటర్ (మెమరీ చిరునామాను దాచే చలరాశి) పెట్టి, ఆబ్జెక్టు పుట్టేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్‌లో న్యూతో తూకాల అర్రేకు (ఒకే రకం విలువల వరుసకు) చోటు తీసుకుని, ఆబ్జెక్టు పోయేటప్పుడు నడిచే డిస్ట్రక్టర్‌లో ఆ చోటును డిలీట్ చేస్తున్నాను. మొత్తం కూడే ఫంక్షనుకు రైతు ఆబ్జెక్టును పంపితే కూడిక సరిగానే వస్తున్నది గాని, ఆ తర్వాత ప్రోగ్రాము ‘డబుల్ ఫ్రీ’ అంటూ ఆగిపోతున్నది. పైగా ఆ పాయింటర్ మీద సైజాఫ్ (ఎన్ని బైట్లో చెప్పేది) వాడితే ఎన్ని బస్తాలున్నా 8 అనే చూపుతున్నది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (మహబూబ్‌నగర్)

తమ్ముడూ, ఆ 8 పాయింటర్ సైజు. 64 బిట్ల యంత్రంలో పాయింటర్‌కు 8 బైట్లు పడతాయి. అర్రేలో ఎన్ని గడులున్నాయో పాయింటర్‌కు తెలియదు కనుక, ఆ సంఖ్యను క్లాసులో విడిగా దాచుకోవాలి.

అసలు చిక్కు కాపీలో ఉంది. ఆబ్జెక్టును విలువగా పంపినప్పుడు కంపైలర్ పాయింటర్‌లోని చిరునామాను మాత్రమే నకలు తీస్తుంది, తూకాలను తీయదు. ఫంక్షను ముగియగానే ఆ నకలు డిస్ట్రక్టర్ నడిచి అర్రేను విడిచేస్తుంది. తర్వాత అసలు ఆబ్జెక్టు డిస్ట్రక్టర్ అదే చోటును రెండోసారి విడవబోతుంది; డబుల్ ఫ్రీ అంటే అదే. అందుకే డిస్ట్రక్టర్ రాసుకున్న క్లాసుకు తూకాలనూ నకలు తీసే కాపీ కన్‌స్ట్రక్టర్ (నకలుగా కొత్త ఆబ్జెక్టును చేసేది), అసైన్‌మెంట్ ఆపరేటర్ (ఉన్న ఆబ్జెక్టులోకి నకలు తీసేది) కూడా రాయవలసిందే. న్యూతో తీసుకున్న అర్రేను చదరపు బ్రాకెట్లున్న డిలీట్‌తోనే విడవాలన్నది కూడా చూసుకో.

చోటు చాలనప్పుడు ఒక్కో గడి చొప్పున పెంచవద్దు. అలా చేస్తే 40 బస్తాలకే పాత తూకాలను 780 సార్లు కొత్త చోటికి మోయాలి. 4 గడులతో మొదలుపెట్టి 8, 16, 32, 64గా రెట్టింపు చేస్తూ పోతే 60 మోతలతో పని అయిపోతుంది.

జవాబు (మిర్యాలగూడ)

పై జవాబు ప్రతి విద్యార్థీ ఒకసారి చేతితో రాసి చూడదగినది. అయితే రైతుల డబ్బు లెక్క నడిచే ప్రోగ్రాములో వెక్టర్ (సీ ప్లస్ ప్లస్‌తోనే వచ్చే, తనంతట పెరిగే అర్రే) వాడడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. నకలు తీయడం, విడవడం, పెరగడం అన్నీ అదే చూసుకుంటుంది. సంఖ్య కావాలంటే సైజ్ అని అడిగితే చాలు. ఫంక్షనుకు మాత్రం కాన్‌స్ట్ రిఫరెన్సుగా (అసలు ఆబ్జెక్టునే, మార్చే వీలు లేకుండా) పంపండి, అనవసరపు నకలు తప్పుతుంది. ఒక తూకానికి పాయింటర్ తీసి పెట్టుకుని, ఆ తర్వాత పుష్ బ్యాక్ (చివర కొత్త విలువ చేర్చడం) చేయకండి. వెక్టర్ కొత్త చోటికి మారితే ఆ పాయింటర్ పాత చోటునే చూపుతుంది.

జవాబు (సూర్యాపేట)

చలరాశితో సైజు ఇచ్చే అర్రేలు 1999 నాటి సీ ప్రమాణంలో వచ్చాయి, సీ ప్లస్ ప్లస్ ప్రమాణంలో లేవు. జీసీసీ కంపైలర్ ఒప్పుకుంటుందని వాటి మీద ఆధారపడవద్దు.

ప్రశ్న అడిగినవారు

అన్నా, మొదట కాపీ కన్‌స్ట్రక్టర్ రాసి చూశాను, డబుల్ ఫ్రీ పోయింది. తర్వాత వెక్టర్‌కు మార్చగా డిస్ట్రక్టర్ రాయవలసిన అవసరమే లేకపోయింది. 300 తూకాలు ఎక్కించి చూస్తే సైజ్ 300 అనే చూపింది. అందరికీ ధన్యవాదాలు.