అండమాన్‌లో విపత్తు నిర్వహణ ఉద్యోగం: అక్కడ పనిచేసినవాళ్ళు కాస్త చెప్పండి

కోస్తా_కుర్రాడు:
బీఎస్సీ జియాలజీ చివరి సంవత్సరం. మా మేనమామ వాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) స్థిరపడ్డారు. నేనూ అక్కడే ఉండి ఈ రంగంలో పనిచేయాలని గట్టిగా అనుకుంటున్నా. పీజీ ఎక్కడ చేస్తే మంచిది? రోజువారీ పని ఎలా ఉంటుంది? ఇంట్లోనేమో "అంటే ఎన్డీఆర్ఎఫ్‌లో (జాతీయ విపత్తు స్పందన దళం) చేరతావా?" అంటున్నారు.

రేవు_గాలి:
ఇంట్లోవాళ్ళ ప్రశ్నతోనే మొదలుపెడదాం. ఎన్డీఆర్ఎఫ్‌లో సహాయక బృందాల జవాన్లు బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ లాంటి కేంద్ర బలగాల నుంచి డిప్యుటేషన్ మీద వస్తారు. డిగ్రీ పట్టుకుని నేరుగా చేరే చోటు కాదది. నువ్వు చూడాల్సింది 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పడ్డ జిల్లా ప్రాధికార సంస్థల వైపు. అండమాన్ నికోబార్‌లో జిల్లాలు మూడు. ప్రణాళికలు రాయడం, కంట్రోల్ రూమ్, శిక్షణలు, మాక్ డ్రిల్లులు, ఇదీ పని. ఇలాంటి పోస్టులు చాలావరకు కాంట్రాక్టువే, అది తెలుసుకునే దిగు.

చదువుకి ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఉంది, పేరున్నదే. కానీ పాండిచ్చేరి యూనివర్సిటీకి పోర్ట్ బ్లెయిర్‌లోనే క్యాంపస్ ఉంది, అందులో తీరప్రాంత విపత్తు నిర్వహణ విభాగం ఉంది. దీవుల్లోనే ఉండాలనుకుంటే నా ఓటు దానికే. చదివేటప్పుడే మనుషులు పరిచయమవుతారు.

కంట్రోల్‌రూమ్_రాత్రులు:
నేను కొంతకాలం అక్కడ కాంట్రాక్టు మీద చేశాను. మన కోస్తాలో అలవాటైన లెక్క అక్కడ నడవదు. 2014లో హుద్‌హుద్ తుపాను అక్టోబరు 8న అండమాన్ దాటింది, 12న విశాఖ మీద పడింది. మనకి దొరికిన ఆ నాలుగు రోజులు వాళ్ళకి దొరకలేదు. అంతకు ముందటేడు లెహర్ తుపాను కూడా అటునుంచే వచ్చింది.

సునామీ అయితే ఇంకా కష్టం. హైదరాబాద్‌లో సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం ఉంది. పెద్ద భూకంపం వస్తే పది నిమిషాల్లోపే మొదటి బులెటిన్ ఇస్తారు. కానీ భూకంపం నికోబార్ పక్కనే వస్తే అల అరగంటలోపే ఒడ్డుకి రావచ్చు. అందుకే దగ్గరి తీరాల విషయంలో సముద్రమట్టం కొలతల కోసం ఆగరు, భూకంపం వివరాలు చూసే హెచ్చరిక జారీ చేస్తారు. మిగిలిన ఆ కొద్ది నిమిషాల్లో కబురు చిట్టచివరి ఇంటికి చేరాలి. ఈ ఉద్యోగంలో అసలు బరువు అక్కడే ఉంది.

ఒకసారి డ్రిల్లుకి ముందు ఓ ఊళ్ళో వైర్‌లెస్ సెట్ చూడ్డానికి వెళ్ళాం. రికార్డుల్లో "పనిచేస్తోంది" అనే ఉంది. మూత తీస్తే బ్యాటరీ టెర్మినళ్ళు ఉప్పుగాలికి పచ్చగా తుప్పు పట్టి, వేలితో ముట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. సునామీ వస్తే ఎక్కాల్సిన మెట్టకి వెళ్ళే దారి తుప్పల్లో మూసుకుపోయి ఉంది. నికోబారీ ఊళ్ళలో కెప్టెన్ అని ఊరిపెద్ద ఉంటారు. ఆయన ఒక్క మాట అంటే కుర్రాళ్ళు కత్తులు పట్టుకొచ్చి సాయంత్రానికల్లా దారి కొట్టేశారు. మేం ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే ఎన్నాళ్ళు పట్టేదో. ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుందో తెలుసుకోవడం ముందు నేర్చుకో, తక్కినవి నిదానంగా వస్తాయి.

హ్యామ్_రేడియో_ప్రియుడు:
నాదొక్కటే సలహా, హ్యామ్ (ఔత్సాహికుల రేడియో) లైసెన్సు పరీక్ష రాసెయ్. సునామీ వచ్చిన 2004 డిసెంబరు 26న హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్ళిన బృందం అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ఫోన్లు పడిపోయాక ఎంతోమంది క్షేమసమాచారం వాళ్ళ రేడియోల మీదే బయటికొచ్చింది. 2020లో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ పడ్డాక నెట్ బాగుపడింది, నిజమే. అయినా కేబుల్ ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోలేం కదా.

సిస్టర్_అక్క:
తమ్ముడూ, నేను నర్సుని, దీవుల్లో చేశాను. వాతావరణం బాగోకపోతే హెలికాప్టర్ ఎగరదు, ఓడ కదలదు. బయటినుంచి సాయం వచ్చేదాకా ఊళ్ళో ఉన్నవాళ్ళే అన్నీ చూసుకోవాలి. అందుకని ప్రథమ చికిత్స చేత్తో చేసి నేర్చుకో, పుస్తకంలో చదివితే చాలదు. మీ జిల్లాలో ఆపద మిత్ర (విపత్తు వాలంటీర్ల) శిక్షణ జరుగుతుంటే చేరు, 12 రోజులు. హిందీ ధారాళంగా రావాలి. ఇంకో మాట, శిబిరాల ప్లాన్ రాసేటప్పుడు గర్భిణుల లిస్టు, డయాలసిస్ వాళ్ళ లిస్టు విడిగా పెట్టుకోవాలి. ఆఖరి నిమిషంలో వెతికితే దొరకవు.

కోస్తా_కుర్రాడు:
చాలా థాంక్సండీ అందరికీ. అక్కా, ఆపద మిత్ర గురించి రేపే కలెక్టరేట్‌లో కనుక్కుంటా. నికోబార్ జిల్లాకి మామూలుగా వెళ్ళి చూసి రావచ్చా?

రేవు_గాలి:
కుదరదు, అక్కడికి ట్రైబల్ పాస్ (ఆదివాసీ ప్రాంతాల్లోకి వెళ్ళే అనుమతి) కావాలి. ముందు మీ మావయ్య దగ్గరికి వెళ్ళి క్యాంపస్ చూసి, డిపార్ట్‌మెంట్‌లో మాట్లాడు. ఇంకోటి, ఉద్యోగ నోటిఫికేషన్ ఏది వచ్చినా మొదట స్థానికత నిబంధన చదువు. కొన్నిటికి బయటివాళ్ళు అర్హులు కారు, మావయ్య అక్కడ ఉన్నంతమాత్రాన నువ్వు స్థానికుడివి అయిపోవు.