విలువలు చూసే ఓటర్లు ట్రంప్‌లో ఏం చూశారు?

అమెరికా అధ్యక్ష పదవికి రిపబ్లికన్ అభ్యర్థిని ఎంచుకునే పోటీలో, 2016 ఫిబ్రవరి 1న అయోవా కాకసుల్లో (పార్టీ ఓటర్లు సమావేశమై ఓటేసే పద్ధతి) ఇవాంజెలికల్ క్రైస్తవుల (బైబిల్‌ను గట్టిగా నమ్మే ప్రొటెస్టెంట్ల) అండతో సెనేటర్ టెడ్ క్రూజ్ గెలిచారు. ఫిబ్రవరి 20న సౌత్ కరోలినాలో అదే వర్గం ఓట్లు అందరికంటే ఎక్కువగా ట్రంప్‌కు పడ్డాయి. పార్టీ అభ్యర్థిని ఖరారు చేసే సదస్సుకు ఆ రాష్ట్రం పంపే 50 మంది డెలిగేట్లూ (ప్రతినిధులూ) ఆయనకే దక్కారు. ఇక్కడే నాకు లెక్క కుదరడం లేదు.

ఎగ్జిట్ పోల్స్ తిరగేశాను. అభ్యర్థిలో ముఖ్యంగా ఏం చూశారన్న ప్రశ్నకు నాలుగే జవాబులు: నా విలువలే ఉన్నవారు, మార్పు తేగలవారు, ఉన్నదున్నట్టు మాట్లాడేవారు, నవంబరు అధ్యక్ష ఎన్నికలో గెలవగలవారు. విలువలన్నవారిలో ట్రంప్ బాగా వెనకబడ్డారు. మార్పు, ముక్కుసూటితనం కోరినవారే ఆయన్ను గట్టెక్కించారు. వలసల మీద కోపం కారణమా అంటే, క్రూజ్‌దీ అందులో కఠిన వైఖరే. పైగా పోలింగుకు వారం ముందు, ఫిబ్రవరి 13న, సుప్రీంకోర్టులోని కన్సర్వేటివ్ న్యాయమూర్తి జస్టిస్ స్కాలియా మరణించి, ఆయన స్థానం ఖాళీ అయింది. అధ్యక్షుడు చేసే సుప్రీంకోర్టు నియామకమే ప్రాణమనుకునే ఓటర్లు అప్పుడైనా క్రూజ్ వైపు మొగ్గాలి కదా! క్రూజ్ అదే కోర్టులో ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ దగ్గర లా క్లర్కుగా (న్యాయ సహాయకుడిగా) పనిచేసిన మనిషి.

అక్కడి రిపబ్లికన్ ఓటర్లను దగ్గరగా చూసినవారు దయచేసి చెప్పండి: సౌత్ కరోలినా ఇవాంజెలికల్ ఓటర్లు విలువల కంటే ముందు పెట్టిన గుణం ఏది?