1991లో కుర్దుల తీర్మానం మీద మన దేశం ఓటు వేయకపోవడం కరెక్టేనా?

గోదారిగట్టు:
గల్ఫ్ యుద్ధం అయిపోయాక ఇరాక్ ఉత్తరాన తిరగబడ్డ కుర్దుల (అరబ్బులు కాని వేరే జాతి జనం) మీదికి ఆ దేశాధ్యక్షుడు సద్దాం సైన్యాన్ని పంపాడు. లక్షల మంది పిల్లాజెల్లాతో టర్కీ, ఇరాన్ వైపు కొండలెక్కారు. ఈ అణచివేత ఆపు, సాయం చేసేవాళ్లను లోపలికి రానివ్వు అని 1991 ఏప్రిల్ 5న భద్రతా మండలి 688వ తీర్మానం చేసింది. 10 దేశాలు సరే అన్నాయి. క్యూబా, యెమెన్, జింబాబ్వే వద్దన్నాయి. చైనాతో పాటు మనం చెయ్యెత్తకుండా కూర్చున్నాం. నాకైతే సిగ్గుగా ఉంది.

రాజంపేట రవి:
సిగ్గెందుకండీ, వద్దనలేదు కదా. ఐరాస చార్టర్ 2(7) ఏమంటుంది? ఒక దేశం ఇంటి వ్యవహారంలో తలదూర్చొద్దనే కదా. ఇవాళ కుర్దులకి సరే అంటే రేపు కశ్మీర్ అంటారు.

గోదారిగట్టు:
జనం సరిహద్దు దాటి పక్క దేశంలో పడ్డాక అది ఇంటి వ్యవహారం ఎలా అవుతుంది? 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది వచ్చిపడితే మనం లోకమంతా తిరిగి చెప్పింది ఇదే మాట.

చిన్నా_92:
చెయ్యెత్తకపోతే వద్దన్నట్టా కాదా, ముందు అది తేల్చండి.

రాజంపేట రవి:
కాదు. వందసార్లు అడిగినా కాదు. అయినా 1988 మార్చి 16న ఇరాక్‌లోని కుర్దుల ఊరు హలబ్జాలో సద్దాం సైన్యం వదిలిన విషవాయువుకి 5 వేల మంది దాకా చచ్చిపోతే మండలి ఏం చేసింది? మే నెలలో 612వ తీర్మానం, అందులో దోషి ఇరాక్ అన్న మాటే లేదు. అమెరికా సెనేట్ ఆంక్షల బిల్లు పాస్ చేస్తే రీగన్ ప్రభుత్వమే అడ్డుపడింది. అప్పుడు లేని జాలి 91లో ఎక్కడిది?

గోదారిగట్టు:
నేను అడిగేది మన గురించి, మీరు చెప్పేది అమెరికా గురించి. సద్దాం అంటే మోజని ఒప్పుకోవచ్చుగా.

రాజంపేట రవి:
మోజా? 1990లో మా నాన్న కువైట్‌లో డ్రైవర్. ఇరాక్ సైన్యం దిగాక జీతం లేదు, పాస్‌పోర్టు కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గర. బస్సులో బాగ్దాద్, అక్కణ్ణుంచి అమ్మాన్, టెంట్లో పదకొండు రోజులు, తర్వాత బొంబాయి విమానం. ఇంటికొచ్చేసరికి ఒక రెక్సిన్ సంచి, అందులో రాయిలా ఎండిపోయిన ఖుబ్జ్ రొట్టె ముక్క. సద్దాంతో మాట్లాడబట్టే 1,70,000 మందిని తేగలిగారు.

గోదారిగట్టు:
తప్పు మాట అన్నాను, సారీ. కానీ ఏప్రిల్ 91కి నాన్నగారు ఇంట్లోనే ఉన్నారు కదా. మరి అప్పుడు ఎవరి కోసం మాట్లాడకుండా కూర్చున్నాం?

రాజంపేట రవి:
తర్వాత ఇరుక్కోబోయేవాడి కోసం. మనవాళ్లు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఇరుక్కునే ఉంటారు సార్. అందుకే ఎవడితోనూ మాట తెంచుకోకూడదు, వాడు హంతకుడైనా సరే. మీకు జాలి ఊరికే వస్తుంది, మాకు ఊరికే రాదు.

గోదారిగట్టు:
అలాగైతే కశ్మీర్, 2(7) ఇవన్నీ పైపై మాటలేనన్నమాట.

బాల్కొండ:
మా తమ్ముడు ఇప్పుడు ఇరాక్ల ఎర్బిల్‌లో ఉన్నడు, కుర్దుల దగ్గర్నే. ఏజెంట్ విజిట్ వీసా మీద పంపిండు, 14 నెలలైంది, వీసా అయిపోయి ఖల్లివెల్లి అయిండు, కాగితాల్లేకుండ ఉంటున్నడు. జ్వరమొస్తే దవాఖానకు తీసుకపోయింది ఒక కుర్దు హోటలాయన. ఆయనది హలబ్జా, తల్లి ఆడనే పోయిందట. మీ దేశం మాకోసం ఏమన్నది అని అడిగిండట. తమ్ముడు నాకు ఫోన్ చేసిండు. ఏం చెప్పాలె?

గోదారిగట్టు:
ఆ 10 దేశాల్లో మనం లేమని ఉన్నదున్నట్టు చెప్పమనండి.

రాజంపేట రవి:
అన్నా, ఫైన్ ఎంత కట్టమంటున్నారు? ముందు అది చెప్పు.