అడ్రస్ ముక్కలు కలుపుతుంటే చివర కామా మిగిలిపోతోంది, పైథాన్‌లో ఎలాగండి?

లంక_కుర్రోడు:
నమస్తే అండి. మాది ఆత్రేయపురం, బాబాయి పూతరేకుల కొట్టుకి కొరియర్ లేబుళ్ళు కొట్టే పని నా నెత్తిన పడింది. డోర్ నంబరు, వీధి, ఊరు, పిన్ విడివిడిగా ఉన్నాయి, ఫర్ లూప్ పెట్టి ఒక్కోదాన్నీ ప్లస్‌తో కలిపి వెనకాల కామా తగిలిస్తున్నా, తీరా చూస్తే ఇలా వస్తోంది:

4-112, , అమలాపురం, 533201,

చివరి కామా ఎలాగోలా కోసేస్తున్నా గానీ వీధి రాయనోళ్ళకి మధ్యలో రెండు కామాలు పోవట్లేదు. బాబాయి చూసి ఏరా వీధి మింగేశావా అన్నాడు.

కడియం_మొక్క:
లూప్ తీసి అవతల పారెయ్యండి, జాయిన్ ఉందిగా.

', '.జాయిన్(ముక్కలు)

జాయిన్, కింద వచ్చే ఫర్, ఇన్, ఇఫ్ ఇంగ్లీషులో కొట్టాలి సుమా. ముందు కామా, తర్వాత లిస్టు అనేసరికి తిరకాసుగా ఉంటుంది, జావాస్క్రిప్ట్‌లో లిస్టు ముందు కదా, నాకూ మొదట్లో మింగుడుపడలేదు. మా కడియపులంకలో దండ కట్టేటప్పుడు చూడండి, పువ్వుకీ పువ్వుకీ మధ్య మరువం పెడతారు, ఆరు పువ్వులకి ఐదు రెమ్మలే, జాయినూ అంతే. ఖాళీ ముక్కలు మాత్రం మనమే ముందు ఏరెయ్యాలి, లేకపోతే వాటికీ మరువం పెట్టేస్తుంది:

', '.జాయిన్(మ ఫర్ మ ఇన్ ముక్కలు ఇఫ్ మ)

లంక_కుర్రోడు:
టైప్ ఎర్రర్ అంటోందండి, స్ట్రింగ్ కావాలి ఇంటిజర్ దొరికింది అని.

కడియం_మొక్క:
పిన్ అంకెగా ఉండుంటుంది, జాయిన్‌కి స్ట్రింగే, అంటే అక్షరాలే కావాలి. ఒక్కో ముక్కకీ ఎస్‌టీఆర్ చుట్టండి, అంకెని స్ట్రింగ్ చేసేస్తుంది.

గూడెం_గురువు:
దీనికి పైథాన్ ఎందుకండీ బాబూ, ఎక్సెల్ 2019 నుంచీ టెక్స్ట్‌జాయిన్ ఉంది, రెండో ఆర్గ్యుమెంట్ ట్రూ ఇస్తే ఖాళీ గడుల్ని అదే వదిలేస్తుంది.

లంక_కుర్రోడు:
కొట్లో ఉన్నది 2010 అండి 🙏 చేత్తో కొట్టిన పది అడ్రసులకి బానే వచ్చింది, మొత్తం ఎక్సెల్ షీటు పాండాస్‌తో (పైథాన్‌లో షీట్లు చదివే లైబ్రరీ) చదివేసరికి వీధి దగ్గర నాన్ అని పడుతోంది, పిన్ ఏమో 533201.0 అట, పిన్‌కోడ్‌లో పాయింట్ ఏంటండి అసలు??

గట్టు_మీద_కోడర్:
ఆ కాలమ్‌లో ఒక్క గడి ఖాళీగా ఉన్నా పాండాస్ అంకెలన్నిటినీ ఫ్లోట్, అంటే పాయింట్ ఉన్న అంకెలు చేసేస్తుంది, అందుకే ఆ పాయింట్. ఖాళీ గడి నాన్ అవుతుంది, పైథాన్ లెక్కలో నాన్ ఖాళీ కాదు కాబట్టి ఆ ఇఫ్ దాన్ని ఆపదు, పైన ఎస్‌టీఆర్ చుట్టారుగా, అక్షరాలా నాన్ అని లేబుల్ మీదకొచ్చేస్తుంది. షీటు చదివేటప్పుడే డీటైప్ ఎస్‌టీఆర్ అని ఇచ్చి, ఆ తర్వాత ఫిల్‌ఎన్ఏతో ఖాళీ స్ట్రింగ్ నింపండి. ఊరికే స్పేస్ కొట్టి వదిలేసిన గడులుంటాయి, స్ట్రిప్ కూడా చేయండి, అటూ ఇటూ ఉన్న స్పేసులు పోతాయి.

ఇంకోటి, కలిపేసిన లైన్‌ని కామాల దగ్గర మళ్ళీ స్ప్లిట్ చేసి (విడగొట్టి) మండలాల లెక్క తీద్దామని మాత్రం అనుకోకండి, రామాలయం వీధి, చెరువు గట్టు అని వీధి గడిలోనే కామా పెట్టే మహానుభావులుంటారు. నేను తెలివిగా కామా బదులు డాట్ పెట్టా ఒకసారి, పి.గన్నవరం వాళ్ళందరికీ మండలం పి, ఐ.పోలవరం వాళ్ళకి ఐ అని ప్రింటయ్యాయి. ముక్కల్ని ముక్కలుగానే దాచుకోండి, ఫైల్లో పెట్టాలంటే సీఎస్‌వీ మాడ్యూల్ వాడండి, కామా ఉన్న గడికి కోట్స్ అదే పెట్టుకుంటుంది.

లంక_కుర్రోడు:
వచ్చేసిందండి!! ఈ వారం పి.గన్నవరానికే పదకొండు పార్శిళ్ళున్నాయి, నేను కూడా రేపు డాటే పెడదామనుకున్నా, ఇక పెట్టను.